కోట ఏదీ, మాస్టారూ?



ముప్ఫయి అయిదేళ్ళ కిందటి మాట. ఎనిమిదవ తరగతి పిల్లలను వెంటబెట్టుకొని రామచంద్రపురం నుండి రాజమండ్రికి విహారయాత్రకు వెళ్ళాము. గోదావరిలో పిల్లల చేత స్నానాలు చేయించి, మార్కండేయస్వామి దర్శనం చేయించి, చివరకు కోటగుమ్మం వద్ద వారిని వరుసగా నిలబెట్టాను. నేను తెలుగు పండితుణ్ణి. రాజమహేంద్రవరమంటే నాకు రాజరాజనరేంద్రుడు, నన్నయ భట్టారకుడు. ఆ ఇద్దరి మీద అరగంట ఉపన్యాసం సాగించాను. ఆనాటి సభ, పురోహితుడైన నన్నయకు రాజు భారతాంధ్రీకరణ భారం అప్పగించిన సన్నివేశం, అన్నీ కన్నులకు కట్టినట్లు చెప్పాననే అనుకున్నాను. ఉపన్యాసం ముగిశాక వెనుక వరుసలోని ఒక పిల్లవాడు చేయి ఎత్తి, "కోట ఏదీ, మాస్టారూ?" అని అడిగాడు.

చుట్టూ చూశాను. దుకాణాలు, రిక్షాలు, సినిమా గోడపత్రికలు. గుమ్మం అనే పేరున్నది గాని గుమ్మం లేదు. కోట అసలే లేదు. నాకు సమాధానం తెలియలేదు. తెలియదని చెప్పే ధైర్యమూ లేకపోయింది. "పాఠం సరిగా వినకుండా అడ్డు ప్రశ్నలా?" అని కసిరాను. పిల్లవాడు చేయి దించేశాడు.

ఆ చేయి నా మనస్సులో మాత్రం ఇప్పటికీ దిగలేదు. ఉద్యోగ విరమణ చేసిన తర్వాత తీరిక దొరికి, శాసనాలూ చరిత్ర గ్రంథాలూ ముందు వేసుకొని కూర్చున్నకొద్దీ, ఆనాడు నేను చెప్పిన పాఠంలో అబద్ధం లేకపోయినా, నిజంలో పదోవంతు మాత్రమే ఉన్నదని తెలిసివచ్చింది. ఆ అభిప్రాయాన్నే మీ ముందు ఉంచుతున్నాను.

నా వాదం క్లుప్తంగా ఇది. రాజమహేంద్రవరం ఒక్క రాజు ఊరు కాదు. దాదాపు వేయి సంవత్సరాలు చేతులు మారుతూ వచ్చిన కోట అది. ఆ చేతులలో మనకు నచ్చిన ఒక్కదానిని పట్టుకొని, తక్కినవాటిని "పరాయి పాలన" అనే ఒక్క మాటతో తుడిచివేయడం చరిత్రకు ద్రోహమే కాదు, మన భాషకు కూడ ద్రోహం.

మొదట పేరు సంగతే చూడండి. రాజమహేంద్రవరం రాజరాజనరేంద్రుడు కట్టించిన ఊరని జనశ్రుతి. నేనూ అలాగే చెప్పాను. కాని 'రాజమహేంద్ర' అన్నది అంతకు నూరేళ్ళ ముందే, పదవ శతాబ్దంలో, తూర్పు చాళుక్య అమ్మరాజు ధరించిన బిరుదు. అమ్మరాజు పేరు గలవారు ఇద్దరున్నారు. వారిలో ఎవరి వల్ల ఊరికి ఆ పేరు వచ్చిందనే విషయమై చరిత్రకారులలో వాదోపవాదాలున్నాయి. ఏమైనా రాజరాజు వచ్చేటప్పటికే ఆ పేరుకు మూలం ఉన్నది. పోనీ, రాజరాజు కాలమైనా మనం ఊహించుకునే ప్రశాంతయుగమా? కాదు. 1022లో పట్టాభిషిక్తుడైన నాటినుండి ఆయనకు సవతితమ్ముడు విజయాదిత్యునితో దాయాదిపోరు తప్పలేదు. తమ్ముని వెనుక కల్యాణి చాళుక్యులు, అన్న వెనుక తంజావూరు చోళులు. రాజరాజు తల్లి కుందవ్వ చోళ రాజరాజు కుమార్తె. భార్య అమ్మంగదేవి రాజేంద్రచోళుని కుమార్తె. ఆయన పక్షాన పోరాడి మరణించిన చోళ సేనానుల స్మృత్యర్థం ముగ్గురి పేర శివాలయాలు కట్టించినట్లు కలిదిండి శాసనం చెబుతున్నది.

ఈ మాటను నిదానంగా మననం చేయండి. మనం 'మన రాజు' అని మురిసిపోయే ప్రభువు సింహాసనాన్ని కాచినవారు తమిళ సైనికులు. ఆయన కొడుకు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడైనాడు. అప్పటినుండి ఈ నేల ఏలిక ఎక్కడో కావేరీ తీరాన ఉన్నాడు. తెలుగు ఆదికావ్యం పుట్టిన కోటలో రక్తసంబంధాలు, సైన్యాలు, భాషలు అన్నీ కలగలిసే ఉన్నవి. ఆదినుండే స్వచ్ఛమైన ఒక్క రంగు లేదు. నన్నయ భట్టారకుని గొప్పతనం దీనివల్ల తగ్గుతుందా? నా దృష్టిలో రెట్టింపవుతుంది. నిశ్చింతగా కూర్చొని రాసినవానికంటె, రేపు ఈ కోట ఎవరిదో తెలియని రోజులలో ఒక భాషకు శాశ్వతమైన కట్టడం కట్టినవాడు ఘనుడు. రాజరాజు కోట పోయింది. నన్నయ కట్టినది నిలిచింది.

ఇక నా పాఠంలో నేను పూర్తిగా దాటవేసిన పుట ఒకటి ఉన్నది. ఊరి నడిబొడ్డున పెద్ద మసీదు ఉంది. దాని ద్వారం మీద పారశీక భాషలో ఒక శాసనం ఉంది. ఆ మసీదు ముందు నుండి నేను ఎన్ని వందల మార్లు నడిచానో లెక్కలేదు. ఒక్కసారీ తల ఎత్తి చూడలేదు. పారశీకం వచ్చిన ఒక పెద్దాయన, నాతో పనిచేసిన ఉపాధ్యాయుడు, ఉద్యోగ జీవితం చివరలో దాని సంగతి వివరించేదాకా అది శాసనమనే స్పృహ నాకు లేదు. హిజ్రీ 724, రంజాన్ నెల. అంటే 1324 సెప్టెంబరు. కట్టించినవాడు సాలార్ ఉల్వీ. ఉలుగ్‌ఖాన్ ఓరుగల్లును గెలిచి, కాకతీయ ప్రతాపరుద్రుని పాలన అంతమైన మరుసటి సంవత్సరమన్నమాట. తెలుగు దేశపు చరిత్రలో ఇంత పెద్ద మలుపుకు ఇంత దగ్గరగా వేసిన తారీఖు రాతిమీద ఉండగా, పిల్లలకు చూపించకుండా పక్కనుండి నడిపించుకొని వచ్చాను.

ఆ స్థలంలో పూర్వం వేణుగోపాలస్వామి ఆలయం ఉండేదని ఊరివారు తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ మాటను దాచవలసిన పని లేదు. రెచ్చగొట్టడానికి వాడవలసిన పని అంతకంటె లేదు. దండయాత్రలలో ఆలయాలు దెబ్బతిన్నాయి, అది చరిత్ర. ఆ కట్టడంలో ఏడువందల సంవత్సరాలుగా మనవంటి తెలుగువారే నమాజు చేసుకుంటున్నారు, అదీ చరిత్రే. రెండు వాక్యాలనూ ఒకే ఊపిరిలో చెప్పగలిగినవాడే ఉపాధ్యాయుడు. ఒకటి చెప్పి రెండవది మింగినవాడు, ఏ పక్షం వాడైనా, అరపాఠం చెప్పినవాడే. ఆ అరపాఠం చెప్పినవారిలో నేనూ ఉన్నాను గనుక ఇంత గట్టిగా అంటున్నాను.

ఢిల్లీ ఏలుబడి ఎంతోకాలం నిలువలేదు. ముసునూరి నాయకులు లేచారు. పిమ్మట రెడ్డిరాజుల కాలం. కొండవీటి కుమారగిరిరెడ్డి తన బావమరది కాటయవేమునికి ఈ ప్రాంతం అప్పగించాడు. కాటయవేముడు కత్తితో పాటు కలమూ పట్టినవాడు. కాళిదాసు నాటకాలు మూడింటికీ 'కుమారగిరిరాజీయం' పేర వ్యాఖ్యానం రచించాడు. అతని కుమార్తె అనితల్లి వారసురాలైంది. అల్లాడరెడ్డి ఆమె పక్షాన రాజ్యాన్ని నిలబెట్టాడు. అతని కొడుకు వీరభద్రారెడ్డి ఆమెకు భర్త అయినాడు. ఆ వీరభద్రారెడ్డికే శ్రీనాథుడు కాశీఖండాన్ని అంకితమిచ్చాడు. 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం కాకతీయుల పతనానంతరం తెలుగు నాయకులు ఏకమైన వృత్తాంతాన్ని చెప్పే అరుదైన ఆధారం. ఒక స్త్రీ పేర వెలసిన శాసనం నూరేళ్ళ నాటి జ్ఞాపకాన్ని కాపాడింది. మన పాఠాలలో రుద్రమదేవి ఉంది, ఉండవలసిందే. అనితల్లి పేరు మాత్రం రాజమండ్రి పిల్లలకే తెలియదు.

ఆ పిమ్మట దాదాపు డెబ్బయి అయిదేళ్ళు ఈ కోట ఉయ్యాల ఊగింది. పదిహేనవ శతాబ్దం మధ్యలో కపిలేంద్ర గజపతి రెడ్డిరాజ్యాన్ని కలుపుకున్నాడు. ఆయన గతించగానే గజపతుల ఇంటిపోరులో తలదూర్చి బహమనీలు వచ్చారు. వారి పక్షాన ఇక్కడ అధికారం నెరపిన మలిక్ హసన్ పుట్టుకతో బ్రాహ్మణుడు. అతని కొడుకే అహమ్మదునగరంలో నిజాంషాహీ వంశాన్ని స్థాపించాడు. తిరిగి పురుషోత్తమ గజపతి, తరువాత ప్రతాపరుద్ర గజపతి. కళింగ దండయాత్రలో కృష్ణదేవరాయలు దీనిని గెలిచి, సంధి కుదిరి గజపతి కూతురిని వివాహమాడినాక కృష్ణకు ఉత్తరాన ఉన్న ప్రాంతాన్ని మామగారికే తిరిగి ఇచ్చివేశాడు. ఎవరు స్వదేశి, ఎవరు విదేశి? ఒరియా గజపతిదా కోట, కన్నడరాజ్యరమారమణుడైన రాయలదా? 'మనవాడు' అనే కొలబద్ద ఇక్కడ పట్టుకుంటే విరిగిపోతుంది.

1571-72 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా సేనలు రాజమహేంద్రవరాన్ని పట్టుకున్నాయి. తెలుగు సాహిత్యం చదువుకున్నవారు ఇక్కడ కాస్త ఆగాలి. అదే ఇబ్రహీం మన కవుల నోట 'మల్కిభరాము'డైనాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చతెనుగులో తొలి కావ్యమని మనం చెప్పుకునే పొన్నెగంటి తెలగన యయాతి చరిత్రకు కృతిపతి ఎవరు? ఆయన వద్ద అధికారి అయిన అమీన్‌ఖాన్. సంస్కృత శబ్దం లేకుండా తెలుగు కావ్యం రాయించుకున్నవాడు ఒక ముస్లిం ఉద్యోగి! ఈ సంగతి భాషాప్రవీణ చదివే రోజులలోనే కంఠస్థం చేశాను. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కాని దానిని కోటగుమ్మం దగ్గర జరిగిన చరిత్రతో జోడించి ఆలోచించలేదు. సాహిత్య చరిత్ర ఒక అరలో, రాజకీయ చరిత్ర మరొక అరలో పెట్టుకొని బ్రతికాము. ఒక ఏలిక పోయి మరొక ఏలిక వస్తే భాష కూడ పోతుందన్నది నిజం కాదు. భాష పోయేది దానిని మాట్లాడేవారు వదలినప్పుడే.

గోలకొండ 1687లో ఔరంగజేబు వశమైంది. కొంతకాలానికి హైదరాబాదు నిజాములు వచ్చారు. 1753లో సలాబత్‌జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి, సైన్యఖర్చుల నిమిత్తం ఇచ్చివేశాడు. రాజమండ్రి సర్కారు అందులో ఒకటి. అయిదేళ్ళు తిరిగేసరికి, 1758 డిసెంబరులో, పిఠాపురం సమీపాన చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డు, విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు కలిసి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్‌ను ఓడించారు. అతడు రాజమండ్రి దారి పట్టి పారిపోయాడు. కొద్దిరోజులలోనే కోట ఆంగ్లేయులకు చిక్కింది. 1765లో మొగలు చక్రవర్తి షాఆలం ఫర్మానా, 1766 నవంబరులో నిజాముతో ఒడంబడిక. ఏటేటా ఇంత సొమ్ము చెల్లించే షరతు మీద సర్కారులు కుంపిణీవారివి అయినాయి.

ఈ మార్పుకూ మునుపటి మార్పులకూ గల భేదం గమనించదగినది. అంతకు మునుపు కోట ఎవరిదో రాజ్యం వారిది. ఇప్పుడు కోట కాగితంలోకి ఎక్కింది. రాజమండ్రిది ప్రధానంగా మట్టికోట. ఫిరంగుల యుగంలో దాని బలం ఎంత? పైగా కుంపిణీకి కావలసింది శిస్తు. శిస్తు వసూలుకు బురుజులు అక్కరలేదు, కచేరీ చాలు. 1802 ప్రాంతంలో శాశ్వత పైసలా వచ్చి జమీందారులు స్థిరపడ్డారు. 1847 నుండి 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించాడు. డెల్టా జీవనాడి కోటనుండి కాలువకు మారింది. అప్పుడు కోటగోడలు ఎవరికి కావాలి? కందకాలు పూడ్చుకొని ఇళ్ళు కట్టుకున్నారు. గోడల మన్ను ఏ ఇంటి పునాదిలో కలిసిపోయిందో! అంటే ఆనాటి పిల్లవాని ప్రశ్నకు సమాధానం ఇది: కోటను శత్రువులు కూల్చలేదు నాయనా, అక్కర తీరిపోయి కరిగిపోయింది.

ఇక్కడ ఒక దూరదేశపు ఉదాహరణ చెబుతాను. ఇటలీలో పాల్మనోవా అనే కోటపట్టణం ఉంది. వెనిస్ గణరాజ్యంవారు 1593లో తొమ్మిది కోణాల నక్షత్రాకారంలో దానిని స్థాపించారు. నెపోలియన్ కాలంలో ఫ్రెంచివారి చేతికి, వారి నుండి ఆస్ట్రియావారి చేతికి పోయి, చివరకు 1866లో ఇటలీ రాజ్యంలో కలిసింది. వెనిస్‌వారు కట్టిన రెండు ప్రాకారాల వెలుపల నెపోలియన్ మూడవ ప్రాకారం కట్టించాడు. గెలిచినవాడు కట్టినదని అక్కడివారు ఆ మూడవదానిని పీకివేయలేదు. ఆ ఊరి ప్రాకారాలు 2017లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కాయి. వారికి రాయి ఉంది, మనకు మన్ను ఉండేది, అది కరిగింది. అందుకు ఎవరినీ నిందించలేము. కాని పేర్లు కరగనక్కరలేదు కదా!

పాతకాలపు తాళపత్ర ప్రతులను చూచినవారికి ఒక సంగతి తెలుసు. ఒకే గ్రంథాన్ని ముగ్గురు నలుగురు లేఖకులు రాసి ఉంటారు. ఒకరిది ముత్యాలవంటి దస్తూరి, మరొకరిది కోడిగీతలు. ఒకచోట పాఠం చెడి ఉంటుంది, ఒకచోట ప్రక్షిప్తం కనబడుతుంది. పరిష్కర్త అయినవాడు ఏ ఆకునూ చింపడు. చింపితే గ్రంథమే పోతుంది. దోషమున్నచోట దోషమని గుర్తు పెడతాడు, పాఠాంతరమున్నచోట దానిని కింద చూపుతాడు. ఊరూ అటువంటి గ్రంథమే. మనకు తెలుగు పండిత శిక్షణలో నేర్పిన ఈ మర్యాదను చరిత్రకు ఎందుకు వర్తింపజేయము?

"అయితే దోచినవాడూ పెంచినవాడూ ఒకటేనా మాస్టారూ?" అని మీరు అడుగవచ్చు. ఒకటి కాదు. వరుసలో నిలబెట్టడం వేరు, నెత్తిన పెట్టుకోవడం వేరు. కుంపిణీ చేసిన దోపిడి దోపిడే. అదే దొరల కాలంలో వచ్చిన ఆనకట్ట నీళ్ళు తాగి మా తాతలు బతికిన మాటా నిజమే. తీర్పు చెప్పడానికి ముందు సాక్షులందరినీ పిలవాలి. సగంమంది సాక్షులను వాకిట్లోనే ఆపి చెప్పే తీర్పును న్యాయమనరు.

2015లో రాజమండ్రికి తిరిగి రాజమహేంద్రవరమని అధికారికంగా పేరు పెట్టారు. నేను సంతోషించినవారిలో ఒకణ్ణి. చక్కని పేరు, శాసనాలు ఎరిగిన పేరు. అయితే పేరు మార్చడంతో మన పని ముగిసిందనుకుంటే పొరపాటు. రాజమండ్రి అన్నదీ తెలుగువాని నోటిలో అరిగి నునుపెక్కిన పేరే. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన ఊరు జనం నోట రాజమండ్రే. రెండు పేర్లూ ఉండనివ్వండి. ఒకటి గడప మీది పసుపు, రెండవది వాడుకలోని నడక.

ఏలికలు మారడం ఆగిందా? 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తూర్పుగోదావరికి రాజమహేంద్రవరం ముఖ్యపట్టణమైంది, మా రామచంద్రపురం కోనసీమ జిల్లాలో చేరింది. పుట్టినప్పటినుండి రాసుకున్న చిరునామా ఒక ఉదయాన మారిపోయింది. నాలుగు రోజులు చేయి పాత పేరే రాసింది, ఐదవనాడు అలవాటు పడింది. కాటయవేముని కాలంలోనూ, కపిలేంద్రుని కాలంలోనూ మా ఊరి పక్క రైతుకు ఇలాగే ఉండి ఉంటుందా అని నవ్వుకున్నాను. నాగలి అదే, నేల అదే, శిస్తు పుచ్చుకునే చేయి మాత్రం వేరు.

నేను కోరేది పెద్దది కాదు. మాకు దగ్గరలోని ద్రాక్షారామం వెళ్ళి చూడండి. చాళుక్య భీముడు కట్టించిన భీమేశ్వరాలయంలో గోడల మీద, స్తంభాల మీద వందలకొద్దీ శాసనాలు. వేంగీ చాళుక్యులు, చోళులు, వెలనాటివారు, రెడ్లు, గజపతులు. దీపానికి ఇన్ని గొఱ్ఱెలని ఒకరు, నైవేద్యానికి ఇంత భూమి అని ఒకరు. తనకు ముందు ఏలినవాని రాతను చెక్కివేసి తనది రాసుకోవాలని వారిలో ఎంతమందికి తోచిందో గాని, గోడ మాత్రం అందరికీ చోటిచ్చింది. భీమేశ్వరునికి లేని పట్టింపు మనకెందుకు?

కోటగుమ్మం వద్ద అటువంటి గోడ ఒకటి కావాలి. నిలువెత్తు రాతిపలక చాలు. అమ్మరాజు మొదలుకొని నేటివరకు ఈ కోటను ఏలినవారి పేర్లు, సంవత్సరాలు, ఒక్కొక్కరి కాలంలో ఇక్కడ జరిగిన ఒక్క మంచిగాని చెడ్డగాని. పొగడ్తలు వద్దు, తిట్లు వద్దు. మసీదు శాసనానికి, కలువచేరు శాసనానికి, కలిదిండి శాసనానికి సులభమైన తెలుగు అనువాదాలు బడిపిల్లల చేతికి అందాలి. అది ప్రభుత్వమే చేయాలని కూర్చుంటే కాలేదు. ఈ పని మనవంటివారు మొదలుపెట్టవచ్చు. మీ మీ ఊళ్ళ కోటల సంగతి, మిగిలిన కోటల సంగతైనా కరిగిన కోటల సంగతైనా, వరుస తప్పకుండా ఒక్కొక్కరు రాయండి. మా రామచంద్రపురంలోనూ జమీందారుల కోట ఉంది. దాని మాట నేను రాస్తాను.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. యాభయ్యో పడికి దగ్గరపడి ఉంటాడు. అతని పిల్లలు కూడ ఏ కోట ముందో నిలబడి ఇదే ప్రశ్న అడిగి ఉండవచ్చు. వారి మాస్టారు కసరకుండా ఉంటే చాలు. నాయనా, ఆనాడు నీవు అడిగినది అడ్డు ప్రశ్న కాదు. అసలు ప్రశ్న అదే. పాఠం వినకుండా ఉన్నది నేను.

దోషాలుంటే విజ్ఞులు సవరించ ప్రార్థన.

స్వస్తి.